కరెంటు వచ్చింది, ఏపీలు రాలేదు. ఇది కంట్రోలర్ బగ్గా, నా ఖర్మా?

హాస్టల్_వైఫై:

అన్నలూ అక్కలూ, రెండు రోజులుగా నిద్ర లేదు, ఎవరికైనా తెలిస్తే కొంచెం దారి చూపించండి. ఇబ్రహీంపట్నం వైపు ఒక కాలేజీలో, దాని హాస్టల్లో నెట్‌వర్క్ చూసేది నేనొక్కడినే. 42 యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, అంటే వైఫై ఇచ్చే డబ్బాలు), వాటన్నిటినీ నడిపే ఒక కంట్రోలర్ బాక్సు, నెట్ కేబుల్లోనే వాటికి కరెంటు కూడా పంపే రెండు పీఓఈ స్విచ్‌లు. వాటిలో 31 కొత్త బిల్డింగ్ కోసం 2018లో కొన్నవి. మిగతా 11 పాత బిల్డింగ్ నుంచి ఊడదీసి తెచ్చినవి, వెనక స్టిక్కర్ మీద 2014 చివరి నెలలు ఉన్నాయి. బ్రాండ్ పేరు రాయను, మా మేనేజ్‌మెంట్ వాళ్ల కంట పడితే అదొక తలనొప్పి.

గురువారం సాయంత్రం వాన దంచికొట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ పేలింది, యూపీఎస్ నలభై నిమిషాలు లాగి చేతులెత్తేసింది. తెల్లవారుజామున మూడింటికి కరెంటు వచ్చింది కానీ ఏపీలు రాలేదు. ఒకటీ రెండూ కాదు, 42కి 42. లైటు ఆకుపచ్చ, ఎరుపు, మళ్లీ ఆకుపచ్చ అని తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి అదే రీబూట్ అయ్యి మొదటికొస్తుంది. ఐపీ తీసుకుంటున్నాయి, పింగ్ చేస్తే పలుకుతున్నాయి, స్విచ్‌లో పవర్ వెళ్తున్నట్టే కనిపిస్తోంది. కంట్రోలర్ పేజీ కూడా ఓపెన్ అవుతోంది, అందులో ఏపీల సంఖ్య మాత్రం సున్నా.

పిడుగు పడి స్విచ్ పోయిందేమోనని స్పేర్ స్విచ్ పెట్టి చూశాను. ఆరు కేబుళ్లు మళ్లీ క్రింప్ చేశాను, నిచ్చెన మీద నిలబడీ నిలబడీ కాళ్లు వాచాయి. ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో ఆప్షన్ 43 (ఏపీలకు కంట్రోలర్ అడ్రస్ చెప్పేది) తీసేసి మళ్లీ రాశాను. ఏదీ పని చేయలేదు. దీనికి ముందు కంట్రోలర్ 611 రోజులు ఆగకుండా నడిచింది, గొప్పగా స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాను, ఎవరి దిష్టో తగిలింది. ఏఎంసీ (ఏటా చేసుకునే మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యువల్ కాలేదు కాబట్టి కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తరు. సోమవారం ఆన్‌లైన్ ఇంటర్నల్స్ ఉన్నాయి. వార్డెన్ మేడమ్ గంటకోసారి ఫోన్ చేసి "లైట్లు వెలుగుతున్నాయి కదా బాబూ, వైఫై ఎందుకు రాదు" అంటున్నారు. ఇది తెలిసిన సాఫ్ట్‌వేర్ బగ్ ఏమన్నానా? వెర్షన్ మారిస్తే పోతుందా?

ట్యాంక్‌బండ్_టీ:

2014 ఏపీలు విడిపోయాయని ఇప్పుడు ఏడుస్తావేంది తమ్ముడూ, ఆ సంగతి ఊరంతా తెలిసిందే కదా 😂

సారీ, ఆగలేకపోయాను. కంట్రోలర్ లాగ్ పెట్టు. లాగ్ లేకుండా అడిగితే ఎవరైనా జాతకమే చెప్తారు.

ఒకటే_మాట:

ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు బ్రో, అంతా సెట్.

హాస్టల్_వైఫై:

లాగ్‌లో వందల లైన్లు ఇవే వస్తున్నాయి: డీటీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ ఫెయిల్డ్, పీర్ సర్టిఫికెట్ నాట్ యెట్ వ్యాలిడ్. స్క్రీన్‌షాట్ కింద పెట్టాను. సర్టిఫికెట్ అంటే మా వైఫై లాగిన్‌కి పెట్టుకున్నదేమో అనుకొని దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించాను కూడా. తేడా లేదు.

పాత_స్విచ్:

ముందు ఆ రీసెట్ సలహా పక్కన పెట్టు. 42 ఏపీల పేర్లు, వీలాన్లు (నెట్‌వర్క్‌ని విడగొట్టిన భాగాలు), పాస్‌వర్డ్‌లు అన్నీ సోమవారం లోపు మళ్లీ టైప్ చేసుకునే ఓపిక ఉంటే తప్ప ఆ బటన్ ముట్టుకోకు.

నువ్వు స్క్రీన్‌షాట్‌లో ఎర్ర అక్షరాలే చూస్తున్నావు, వాటికి ఎడమ పక్కన తేదీ చూడలేదు. జనవరి 1, 2000 అని ఉంది. మీ కంట్రోలర్ ఇంకా వై2కే సంబరాల్లోనే ఉంది.

ఏపీకీ కంట్రోలర్‌కీ మధ్య నడిచేది క్యాప్‌వాప్ అనే ప్రోటోకాల్. యూడీపీ 5246 మీద కంట్రోల్, 5247 మీద డేటా. కంట్రోల్ భాగం డీటీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌లో చుట్టి వెళ్తుంది, ఆ టన్నెల్ కట్టే ముందు రెండూ ఒకదానికొకటి సర్టిఫికెట్ చూపించుకోవాలి. ఇది నువ్వు ఎక్కించుకున్న లాగిన్ సర్టిఫికెట్ కాదు, బాక్సు తయారైనప్పుడు ఫ్యాక్టరీలోనే లోపల రాసి పంపింది. దాని మీద మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ ఉంటాయి. ఆ తేదీలు సరిచూడటానికి కంట్రోలర్ దగ్గర ఉన్నది దాని సొంత గడియారమే. ఆ గడియారం 2000 అంటోంది, ఏపీ సర్టిఫికెట్ 2018 నుంచి చెల్లుతుందంటోంది. పుట్టని పిల్లాడు హాల్ టికెట్ పట్టుకొని వచ్చినట్టు కనిపిస్తుంది దానికి, అందుకే గేటు దగ్గరే ఆపేస్తోంది. ఏపీ పాపం కాసేపు చూసి రీబూట్ అయ్యి మళ్లీ క్యూలో నిలబడుతోంది.

గడియారం ఎందుకు పోయిందంటే, చాలా బాక్సుల్లో బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, ఎక్కువగా సీఆర్2032. కొన్నేళ్లకు అది చచ్చిపోతుంది. కరెంటు ఉన్నంతసేపు ఆ సంగతి బయటపడదు. మీది 611 రోజులు ఆగలేదు కాబట్టి ఎప్పుడు చచ్చిందో కూడా తెలియదు. మామూలుగా అయితే ఎన్‌టీపీ (నెట్‌వర్క్‌లో ఉన్న టైమ్ సర్వర్‌ని అడిగి గడియారం కలుపుకునే పద్ధతి) వచ్చి టైమ్ సరిచేయాలి, మరి అక్కడ ఏ అడ్రస్ ఉందో చూడు, నాకైతే అది బతికి ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే, తేదీ, టైమ్, టైమ్ జోన్ చేత్తో పెట్టు. పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా కూర్చో. తర్వాత ఎన్ని వచ్చాయో, ఏవి రాలేదో విడివిడిగా చెప్పు. ఆ 2014 స్టిక్కర్ల మీద నాకు ఇంకో అనుమానం ఉంది.

హాస్టల్_వైఫై:

అన్నా నీ కాళ్లు మొక్కాలి. తేదీ పెట్టి చాయ్ తాగడానికి వెళ్లాను, తిరిగొచ్చేసరికి 31 వచ్చేశాయి. రెండు రోజులు నిచ్చెన ఎక్కి దిగింది తేదీ తప్పు కోసమా!

ఎన్‌టీపీలో ఉన్న ఐపీ మా పాత డొమైన్ సర్వర్‌ది. దాన్ని రెండేళ్ల కింద స్క్రాప్‌కి ఇచ్చేశాం. అంటే అప్పటినుంచి కంట్రోలర్ పోయినవాళ్లని టైమ్ అడుగుతోంది.

నువ్వన్నట్టే ఆ 11 రాలేదు. లాగ్‌లో మాట మారింది, ఇప్పుడు సర్టిఫికెట్ ఎక్స్‌పైర్డ్ అంటోంది. ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ పాత బ్యాచ్‌లోదే మెస్ హాల్లో ఒక ఏపీ ఉండేది, దాన్ని లెక్కలో వేయలేదు. మార్చిలో పెయింటింగ్ కోసం ఊడదీసి మళ్లీ పెడితే ఇలాగే లైట్లు తిప్పుతూ రాలేదు. కాలిపోయిందనుకొని బీరువాలో పడేసి, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొన్నాను. అది కూడా రాలేదు, డౌన్‌లోడింగ్ అని చూపిస్తూ అక్కడే ఉండిపోతుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

పాత_స్విచ్:

బీరువాలోది పారేయకు. దానికి చావు రాలేదు, గడువు తీరింది అంతే.

ఫ్యాక్టరీ సర్టిఫికెట్లకు చాలావరకు పదేళ్లు పెట్టేవాళ్లు. రాసినవాడు పదేళ్ల తర్వాత ఈ డబ్బా ఎవరు వాడతారులే అనుకొని ఉంటాడు, మన దగ్గర డబ్బా ఊడి రాలేదాకా వాడతామని వాడికేం తెలుసు. ఇది కొత్త కథ కూడా కాదు. నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో వాళ్లు దీని మీద బహిరంగంగానే ఫీల్డ్ నోటీస్ (కస్టమర్లకు హెచ్చరిక) ఇచ్చారు: 2005 నుంచి తయారైన ఏపీలు, కంట్రోలర్లకు 2015 నుంచి గడువు తీరడం మొదలైంది, తీరిన ఏపీ కంట్రోలర్‌లో చేరలేదు. తర్వాతి వెర్షన్లలో గడువు పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ ఇచ్చారు.

ఇందులో మోసం ఏంటంటే, గడువు తీరిన రోజున ఏమీ జరగదు. కట్టిన టన్నెల్ నడుస్తూనే ఉంటుంది. ఏపీ ఏదో కారణానికి కింద పడి లేచి మళ్లీ చేరాలనుకున్నప్పుడే సర్టిఫికెట్ చూపించమంటారు. నీ కంట్రోలర్ 611 రోజుల కింద లేచినప్పుడు ఈ పాతవాటి గడువు ఇంకా ఉంది, మధ్యలో తీరిపోయింది. మెస్ హాల్ ఏపీ ఒక్కటే మార్చిలో ఊడదీయడం వల్ల ముందే బయటపడింది, మిగతా 11 గురువారం దాకా మూసిన గుప్పిట్లో ఉన్నాయి. మార్చిలో ఆ ఒక్కదాని లాగ్ చూసి ఉంటే ఇప్పుడు ఈ పరేషాన్ సగం ఉండేది కాదు. తిట్టడం లేదు, నేనూ ఇలాగే రెండు మంచి ఏపీలు చెత్తలో వేశాను ఒకప్పుడు.

నీ కంట్రోలర్ సెట్టింగ్స్‌లో ఏపీ సర్టిఫికెట్ ఎక్స్‌పైరీ ఇగ్నోర్ లాంటి మాట కోసం వెతుకు, కమాండ్ లైన్‌లోనే ఉండొచ్చు. అలాగే కంట్రోలర్ సొంత సర్టిఫికెట్ తేదీ కూడా చూడు, అది కూడా తీరితే ఏపీలే కంట్రోలర్‌ని నమ్మవు, అప్పుడు కథ వేరే.

గచ్చిబౌలి_గాలి:

ఇంత తిప్పలు ఎందుకు భయ్యా, ఎన్‌టీపీ ఆపేసి కంట్రోలర్ తేదీ 2024 జూన్‌కి వెనక్కి తిప్పి వదిలెయ్. 2014వీ వస్తాయి, 2018వీ వస్తాయి. మా దగ్గర అలాగే నడుస్తోంది.

పాత_స్విచ్:

ఒక రాత్రికైతే సరే, అదీ గతి లేనప్పుడు. వదిలేయడం మాత్రం తప్పు. రేపు 2025లో తయారైన ఏపీ ఒకటి కొని తగిలిస్తావు, నీ కంట్రోలర్ ఇంకా 2024లో ఉంది కాబట్టి దాన్ని నాట్ యెట్ వ్యాలిడ్ అని బయటే నిలబెడుతుంది, నువ్వు మళ్లీ ఇక్కడికొచ్చి థ్రెడ్ తెరుస్తావు. పైగా లాగ్‌లన్నీ తప్పు తేదీతో రాసుకుంటుంది. హాస్టల్ వైఫై మీద ఏదైనా పోలీస్ ఎంక్వైరీ వచ్చి ఫలానా రోజు ఫలానా టైమ్‌కి ఎవరు కనెక్ట్ అయ్యారు అంటే ఏం చూపిస్తావు? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సిస్టమ్ గడియారాలు ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ అనే ప్రభుత్వ సంస్థల టైమ్ సర్వర్లతో గానీ, వాటితో ముడిపడ్డ సర్వర్లతో గానీ కలిపి ఉంచాలని ఉంది, లాగ్‌లు 180 రోజులు దాచాలని కూడా ఉంది.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:

హాస్టల్ తమ్ముడూ, ఆ సీటీసీ డబ్బా గురించి నేను చెప్తాను. డౌన్‌లోడింగ్ దగ్గర ఆగిందంటే ముందు నువ్వు చూడాల్సింది మోడల్ నంబర్ నీ కంట్రోలర్ వెర్షన్ సపోర్ట్ లిస్టులో ఉందా లేదా అని. ఏపీలో ఉన్న సాఫ్ట్‌వేర్, కంట్రోలర్‌లో ఉన్నది ఒకటి కాకపోతే కంట్రోలర్ తన దగ్గరున్నది పంపిస్తుంది. ఆ మోడల్‌కి సరిపడే ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ ఫైల్) దాని దగ్గర లేకపోతే ఆ అవస్థే.

ఇమేజ్ ఉన్నా ఆగిన కేసు కూడా ఉంది. సిస్కోలో కొన్ని పాత ఏపీలకు ఇమేజ్ మీద సంతకం చేసిన సర్టిఫికెట్ గడువు 2022 డిసెంబర్ 4న తీరింది. ఆ తేదీ తర్వాత అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు ఏపీలు డౌన్‌లోడింగ్ దగ్గరే తిరిగాయి, కంపెనీ చెప్పిన తాత్కాలిక మార్గం కూడా కంట్రోలర్ తేదీ వెనక్కి పెట్టి, ఏపీలు ఇమేజ్ దింపుకున్నాక ముందుకు తెచ్చుకోమనే. నీది అదే అనడం లేదు. వైర్‌లెస్‌లో గాలి కన్నా గడియారం వల్ల పడిన తిప్పలే నేను ఎక్కువ చూశాను అని చెప్తున్నా.

మా పాత ఆఫీసులో (వేరే బ్రాండ్) ఏడు వారాలకోసారి ఏపీలు మొత్తం రాలిపోయేవి. ఎవరెవరో మైక్రోవేవ్ అన్నారు, పక్క ఆఫీస్ వైఫై అన్నారు, మెట్రో రైలు అన్నారు. నేను క్యాలెండర్‌లో గుర్తులు పెట్టుకుంటూ పోతే ప్రతిసారీ గ్యాప్ 49 రోజుల 17 గంటలు. 32 బిట్ల కౌంటర్‌లో మిల్లీసెకన్లు లెక్కపెడితే సరిగ్గా అక్కడ నిండి మళ్లీ సున్నాకి వస్తుంది, ఒకప్పుడు విండోస్ 95, 98లో ఉన్న బగ్ కూడా ఇదే లెక్క. వెండర్ రిలీజ్ నోట్స్ తెరిస్తే తెలిసిన లోపాల్లో మూడో పేజీలో ఉంది, ఆరు నెలలుగా! మేము సీలింగ్ టైల్స్ విప్పుతూ కూర్చున్నాం.

అందుకే రిలీజ్ నోట్స్‌లో కొత్త ఫీచర్ల పేజీ వదిలేసి నేరుగా ఓపెన్ కేవియట్స్ (తెలిసినా ఇంకా సరిచేయని లోపాల జాబితా) దగ్గరికి వెళ్లు. హెడ్డింగ్ చూసి భయపడకు, లోపల ఏ పరిస్థితిలో వస్తుందో రాసి ఉంటుంది, అది నీ సెటప్‌కి సరిపోతేనే నీ బగ్. ఏ వెర్షన్‌లో సరిచేశారో తర్వాతి వెర్షన్ల నోట్స్‌లో రిజాల్వ్‌డ్ కేవియట్స్ కింద ఉంటుంది. అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేయించి ఈ ఒక్క ముక్క మాత్రం చెప్పరు.

ట్యాంక్‌బండ్_టీ:

నేను అమీర్‌పేటలోనే చెప్తాను అక్కా, నాలుగో నెల ఫీజు కడితే ఇది కూడా చెప్తాం.

హాస్టల్_వైఫై:

మా వెర్షన్‌లో ఆ ఇగ్నోర్ ఆప్షన్ లేదు. దాని తర్వాతి వెర్షన్‌లో వచ్చిందని రిలీజ్ నోట్స్‌లో దొరికింది (అక్కా, నిజంగానే మూడో పేజీ). కంట్రోలర్ సర్టిఫికెట్‌కి 2028 దాకా ఉంది. అయితే అప్‌గ్రేడ్ ఇప్పుడే చేసేయనా? చేస్తే నేరుగా అన్నిటికన్నా కొత్తది పెట్టనా?

గచ్చిబౌలి_గాలి:

నడుస్తున్నదాన్ని కెలకొద్దు. కొత్త వెర్షన్ అంటే కొత్త బగ్గులు. ఉన్నవాటితో కనీసం మొహం పరిచయం ఉంది.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:

గాలి గారు చెప్పింది పరీక్ష అయ్యేదాకా వందకు వంద నిజం, ఆ తర్వాత కాదు. 2017 అక్టోబర్‌లో క్రాక్ అనే దాడి బయటపడింది, వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ2 హ్యాండ్‌షేక్‌లోనే లోపం. ఎక్కువ దెబ్బ ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకే అయినా, ఫాస్ట్ రోమింగ్ కోసం 802.11ఆర్ ఆన్ చేసిన ఏపీలకు కూడా ప్యాచ్ కావాల్సి వచ్చింది. 2021 మేలో ఫ్రాగ్అటాక్స్ అనే వైఫై లోపాల గుంపు, అందులో కొన్ని లోపాలు 1997లో వైఫై పుట్టినప్పటి నుంచి ఉన్నవే. 2025 మేలో అయితే సిస్కో 9800 రకం కంట్రోలర్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక రహస్య టోకెన్ కోడ్‌లోనే రాసేసి ఉందని తేలి తీవ్రత స్కోర్ 10కి 10 ఇచ్చారు. అది ఒక ప్రత్యేక ఏపీ ఇమేజ్ డౌన్‌లోడ్ ఫీచర్ ఆన్ చేసినవాళ్లకే, మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, అందుకే చెప్పాను పరిస్థితి చదవమని. కానీ ఏ బ్రాండైనా కంట్రోలర్ పేజీ విద్యార్థుల వైఫై నుంచి ఓపెన్ అయ్యేలా మాత్రం ఉంచకు. ఒకసారి నీ ఫోన్‌లోంచి ట్రై చెయ్, ఓపెన్ అయితే అది ఈ రోజే మూసెయ్.

ఇక ఏ వెర్షన్ అంటే, అన్నిటికన్నా కొత్తది వద్దు. ఆ ఆప్షన్ వచ్చిన లైన్‌లోనే, రెండు మూడు సార్లు సరిచేసి వదిలిన మెయింటెనెన్స్ రిలీజ్ తీసుకో. మరీ పైకి పోతే నీ 2014 మోడల్ సపోర్ట్ లిస్టులోంచే ఎగిరిపోవచ్చు, అప్పుడు ఇగ్నోర్ ఆప్షన్ ఉండీ లాభం లేదు.

పాత_స్విచ్:

అక్క చెప్పిందే. సోమవారం గండం దాటడానికి మాత్రం గాలి చెప్పిన తేదీ ట్రిక్ ఒక్క గంట వాడుకో. 2024 జూన్ పెట్టు, 11 ఎక్కాక వెంటనే అసలు తేదీ, కొత్త ఎన్‌టీపీ పెట్టెయ్. ఎక్కినవి దిగవు, మళ్లీ కరెంటు పోనంతవరకు. ఆ రెండు స్విచ్‌లకు యూపీఎస్ బ్యాటరీలు ఎవరినైనా అడిగి తెచ్చి పెట్టు.

హాస్టల్_వైఫై (బుధవారం):

ఆలస్యంగా రాస్తున్నందుకు సారీ. ఆదివారం రాత్రి తేదీ వెనక్కి పెడితే 11 ఎక్కాయి, ముందుకు తెచ్చినా దిగలేదు. ఇంటర్నల్స్ అయిపోయాయి. వార్డెన్ మేడమ్ ఫోన్ చేయలేదు, అదే పెద్ద సర్టిఫికెట్ నాకు.

మంగళవారం రాత్రి అప్‌గ్రేడ్ చేశాను. ఇమేజ్ ముందే ఏపీలకు పంపించి ఆ తర్వాత రీబూట్ చేస్తే పావుగంటలో అన్నీ లేచాయి, ఇగ్నోర్ ఆన్ చేస్తే ఆ 11 కూడా వాటంతట అవే వచ్చాయి. బీరువాలోంచి మెస్ హాల్ ఏపీ తీసి దుమ్ము తుడిచి తగిలించాను, మూడు నిమిషాల్లో వచ్చింది. ఇప్పుడు మొత్తం 43. కంట్రోలర్ పేజీ విద్యార్థుల వైఫైలోంచి నిజంగానే ఓపెన్ అవుతోంది అక్కా, మూసేశాను, ఎవరికీ చెప్పకండి.

సీటీసీ డబ్బా మాత్రం మా కంట్రోలర్‌లో ఏ వెర్షన్‌కీ సరిపోని మోడల్. అమ్మినాయన అప్పుడు "చలేగా భాయ్" అన్నాడు. డబ్బులు తిరిగి ఇవ్వడట, బదులుగా ఒక 8 పోర్టుల స్విచ్ ఇస్తాడట.

బోర్డు మీద బ్యాటరీ దసరా సెలవుల్లో మారుస్తాను. బాక్సు విప్పడానికి కొంచెం భయంగా ఉంది.

పాత_స్విచ్:

స్విచ్ తీసుకో, బేరం బాగానే ఉంది. బాక్సు విప్పే ముందు కాన్ఫిగ్ బ్యాకప్ తీసి నీ ల్యాప్‌టాప్‌లోకి దింపుకో. కంట్రోలర్‌లోనే సేవ్ చేసి దాన్ని బ్యాకప్ అనకు, చాలామంది అదే చేస్తారు.